నాంచారమ్మ కాపురమున్న బడి

ఏనాటి మాటో, చెప్పినవాళ్ళూ లేరు, విన్నవాళ్ళూ లేరు. మాట మాత్రం మిగిలింది. ఊ కొడుతూ వినండి.

అనగనగా రేగుమడుగు అనే ఊళ్ళో నాంచారమ్మ అనే మంత్రసాని ఉండేది. ఊళ్ళో ఏ బిడ్డ పుట్టినా ముందు ఆమె చేతుల్లోనే పడేది. ఆమెకు మాత్రం పిల్లల్లేరు. ఉన్నదల్లా ఒక చిన్న పెంకుటిల్లు.

ఆ ఊరి బడి చాలా పాతది. ఒక ఏడు గోడ నెర్రెలిచ్చింది. నాంచారమ్మ మునసబు పేరయ్య దగ్గరికి వెళ్ళింది.

"అయ్యగారూ, బడి పడేట్టుంది. కొత్తది కట్టించండి."

"మన తాతలు చదివిన బడే. దానికేం?" అన్నాడు పేరయ్య.

మరో ఏడు దూలానికి చెదలు పట్టింది. మళ్ళీ వెళ్ళింది.

"మన తాతలు చదివిన బడే. దానికేం?"

ఇంకో ఏడు పెంకు జారి ఒక పిల్ల భుజం చీరుకుపోయింది. ఆ పిల్లను ఎత్తుకునే వెళ్ళింది. రచ్చబండ మీద పెద్దలంతా ఉన్నారు. అందరిదీ అదే మాట.

"దానికేం కాదంటారా?" అంది నాంచారమ్మ. "అయితే అందులో నేనుంటాను. పిల్లలు నా ఇంట్లో చదువుకుంటారు."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. చాప, కుండ, పొయ్యిరాళ్ళు మోసుకుని బడిలోకి వెళ్ళిపోయింది. పంతులు తలొంచుకుని పిల్లల్ని ఆమె ఇంటికి తోలుకెళ్ళాడు.

బడి కిటికీలోంచి పొగ వస్తుంటే ఊరికి సిగ్గేసింది. ముసలామె కారే కప్పు కింద చట్టి పెట్టుకుంటుంటే ఊరికి సిగ్గేసింది. సిగ్గేస్తే ఏం చేశారు? బడి కట్టారా? లేదు నాయనా. ఆ దారిన నడవడం మానేశారు.

ఆరుద్ర కార్తె వచ్చింది. ముసురు పట్టింది. ఒక పొద్దున పిల్లలు నాంచారమ్మ ఇంట్లో గొంతెత్తి గుణింతాలు చదువుతుంటే, అటు బడి కూలింది. ఊరంతా పరిగెత్తింది. పేరయ్య దూలం పట్టి లేపబోతే అది చేతుల్లోనే పొడై రాలింది. ఆ కింద నాంచారమ్మ ఉంది. ప్రాణం లేదు.

ఎవరూ గొల్లుమనలేదు. ఏడవడానికి ముఖం చెల్లలేదు.

పాడె మోయడానికి పేరయ్య ముందుకొచ్చాడు. చంకలో బిడ్డతో ఆయన కోడలు అడ్డం నిలబడింది. ఎన్నడూ మామగారి ఎదుట నోరెత్తని పిల్ల.

"మామయ్యగారూ, ఈ బిడ్డను భూమ్మీదికి తెచ్చింది ఆమే. మీ భుజం ఇక్కడ వద్దండీ. వెళ్ళి బడికి రాళ్ళు మోయండి."

పేరయ్య పక్కకు తప్పుకున్నాడు. మంత్రసాని పాడె ఆడవాళ్ళే మోశారు. తర్వాత పేరయ్య తలపాగా తీసి చుట్టకుదురు చేసుకుని, నెత్తిన రాళ్ళు మోశాడు. ఆయన వెనక పెద్దలంతా మోశారు. గట్టి రాతి బడి లేచింది.

ఇప్పటికీ రేగుమడుగులో తొలకరి పడిన రోజున పిల్లలు బడికి వెళ్ళరు. పెద్దలు వెళతారు. మునసబుల వంశంవాడు ముందు, మిగతావాళ్ళు వెనక. వాన వెలిసేదాకా ఆ కప్పు కింద నేల మీద మాటాపలుకూ లేకుండా కూర్చుంటారు. ఒక్క చుక్క కారినా ఆ కప్పు తిరగవేయించాకే పిల్లల్ని పంపుతారు. అటుగా పోయే పొరుగూరివాళ్ళు, "ఎవరైనా పోయారా?" అని అడుగుతారు.

"మా నాంచారమ్మ," అంటారు వీళ్ళు, తలెత్తకుండా.