చెయ్యి పడితే పలికే రేడియో

మా రంగధామం మాస్టారు అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పిన పాపాన పోలేదు. ప్రశ్న వినగానే కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడిచేవారు. ఆ తుడవడం పూర్తయ్యేలోగా అడిగినవాళ్లకి తమ ప్రశ్న మీద తమకే అనుమానం పుట్టేది. గుంటూరులో ఆయన ఇంటి ముందుగదిలో ఆదివారాలు మేం కొందరం చేరి, తీగలూ మోటార్లూ ముందేసుకుని మాకు తోచిన యంత్రాలేవో కట్టుకుంటూ ఉండేవాళ్లం. ఎవరి ఉద్యోగానికీ దాంతో పనిలేదు, ఉత్త సరదా. ఇప్పటికీ ఎక్కడైనా టంకం కరిగిన పొగవాసన తగిలితే నాకా గది గుర్తొస్తుంది. ఆ గదీ లేదు, మాస్టారూ లేరన్న సంగతి ఆ వెంటనే గుర్తొచ్చి దిగులేస్తుంది.

మాలో జ్యోతిర్మయి అందరికన్నా చురుకైనది, అందరికన్నా తొందరమనిషి. బ్యాంకులో పనిచేసేది. మంచం పట్టిన మామగారి కోసం ఆవిడ ఒక చిన్న బండి రోబోను తయారుచేసింది. ఆయన పక్కనున్న మీట నొక్కితే అది వంటగదిలోంచి బయల్దేరి, నేల మీద అతికించిన నల్లటేపు వెంబడి మంచినీళ్లూ మాత్రలూ మోసుకుంటూ మంచం దాకా వస్తుంది. ఓ ఆదివారం దాన్ని తెచ్చి నడిపిస్తే మేమంతా నోరెళ్లబెట్టి చూశాం. పగలు ఆయన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి పని మానేసింది గనుక, మర్నాటి నుంచి రోజూ సాయంత్రం ఆవిడ ఇల్లు చేరేదాకా ముసలాయనకి ఆ బండే దిక్కు. అయితే దానికో జబ్బుంది. ఉండుండి నడిదారిలో నిలబడిపోయేది. వీపు మీద ఒక్కటి తడితే ఏమీ ఎరగనట్టు మళ్లీ కదిలేది. ఇందుకోసం మామగారికి పొడుగాటి కర్ర ఒకటి ఇచ్చానని, పడుకునే తట్టవచ్చని జ్యోతిర్మయి గొప్పగా చెప్పింది. మేమూ భలే ఉపాయమన్నాం. మా తెలివి ఆపాటిది.

"తడితే నడుస్తోంది కదా మాస్టారూ, మళ్లీ అంతా విప్పి వెతుక్కోవడం అవసరమంటారా?" అని అడిగింది.

మాస్టారు కళ్లజోడు తుడుచుకుని, చీరాలలో తన చదువురోజుల సంగతి ఒకటి ఎత్తుకున్నారు. అక్కడ ఆయనకి గుర్నాథం అని ఒక స్నేహితుడు. నేతపనివాళ్ల కుటుంబం. రేడియో ఉన్న ఇల్లంటే పదిమందీ చెప్పుకునే రోజుల్లో, గుర్నాథం విడిభాగాలు ఒక్కొక్కటే కూడబెట్టి సొంతంగా రేడియో కట్టి, మగ్గం పైన అరలో పెట్టాడు. తల్లి నాంచారమ్మకి అదే లోకం. నేస్తున్నంతసేపూ అది పాడుతూ ఉండాల్సిందే. అప్పుడప్పుడూ అది మూగబోయేది. ఆవిడ లేచి పెట్టె ఎడమవైపున అరచేత్తో ఒక దెబ్బ వేసేది. అంతే, పాట మళ్లీ అందుకునేది. ఆ చోటు ఆవిడకే తెలుసు. ఇంకెవరు కొట్టినా పలికేది కాదు. నాంచారమ్మ చెయ్యి పడితేగాని దానికి మాట రాదని వీధివీధంతా ఆటపట్టించేవారు. ఆవిడా మురిసిపోయేది. విప్పి చూడరాదా అని రంగధామం ఒకటి రెండుసార్లు అడిగితే, అమ్మ చెయ్యి ఉండగా నాకెందుకురా ఆ బెడద అని గుర్నాథం నవ్వేసేవాడు.

గుర్నాథం చెల్లెలు భ్రమరానికి మంచి గొంతు. విజయవాడ రేడియోలో పాడే అవకాశం వచ్చి మేనమామతో కలిసి వెళ్లింది. అప్పటికప్పుడు పాడి వినిపించే కార్యక్రమం అది. ఒకసారి అయిపోతే మళ్లీ వెయ్యరు. ఆ సాయంత్రం నాంచారమ్మ మగ్గం ఆపి, తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని రేడియో ముందు కూర్చుంది. వీధిలో సగంమంది ఆ ఇంట్లోనే ఉన్నారు. భ్రమరం పేరు చెప్పారు. తంబుర మోగింది. పిల్ల గొంతు పల్లవి ఎత్తుకుంది. తల్లి కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతలో రేడియో మూగబోయింది.

ఎవరూ కంగారుపడలేదు. ఆవిడ చెయ్యి ఉందిగా. లేచి కొట్టింది, పలకలేదు. చోటు మార్చి కొట్టింది. గట్టిగా కొట్టింది. కొందరు పైవీధిలో ఇంకో రేడియో ఉన్న ఇంటికి పరిగెత్తారు, వాళ్లు వెళ్లేసరికి వార్తలు వస్తున్నాయి. రమ్మంటే నాంచారమ్మ కదల్లేదు. ఎప్పుడూ పలికేదే కదా, ఇప్పుడూ పలుకుతుందని దాన్నే పట్టుకుని ఉండిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం భ్రమరం రైలు దిగి వచ్చి, గుమ్మంలోంచే విన్నావా అమ్మా అని అడిగింది. అప్పుడు తానూ అక్కడే ఉన్నానని మాస్టారు చెప్పారు. నాంచారమ్మ కూతురి ముందు అరచెయ్యి చాపి చూపించింది.

"ఈ పాడు చెయ్యే చెడగొట్టిందే తల్లీ, దెబ్బ గట్టిగా పడినట్టుంది" అంది.

ఇక్కడ మాస్టారు ఆగిపోయారు. జ్యోతిర్మయి చేతిలోని బండిని బల్ల మీద పెట్టి, ఇంతకీ లోపం దొరికిందా అని మెల్లగా అడిగింది.

"దొరక్కేం అమ్మా, భ్రమరం రాకముందే, ఆ పొద్దున్నే దొరికింది. గుర్నాథం పెట్టె విప్పి, వెదురుపుల్లతో ఒక్కొక్క అతుకే తట్టి చూశాడు. ఒకచోట టంకం తీగని పట్టుకోకుండా ఊరికే ఆనుకుని ఉంది. వేడిచేసి ఇలా తాకించాడు, అయిపోయింది. ఇదీ సంగతి, నీ చేతి తప్పేం లేదని వాళ్లమ్మకి చూపించాడు కూడా. ఆవిడ సరేనంది."

మాస్టారు కళ్లజోడు పెట్టుకున్నారు.

"ఆ తర్వాత ఆ రేడియోని ఎవరూ కొట్టాల్సిన పని రాలేదు. ఆవిడ మాత్రం మళ్లీ దాని మీద చెయ్యి వెయ్యలేదమ్మా. దాని గొంతు తగ్గించాలన్నా ఎవరో ఒకర్ని కేకేసేది."