అగస్తి దొర ఇంకా లేవలేదు

ఊఁ కొట్టేవాళ్లుంటేనే కథ. లేకపోతే గోడకి చెప్పుకోవడమే. కాబట్టి ఊఁ కొట్టండి, చెబుతాను.

అనగనగా, గోదారి పాయ సముద్రంలో కలిసే చోట పరాసువాళ్లు, అంటే ఫ్రెంచి దొరలు, ఒక ఊరిని ఏలుతుండేవారు. పెద్ద దొర మేడలో ఒక పియానో ఉండేది. దాన్ని వాయించడానికి వాళ్ల దేశం నుంచి ఒక బక్కపలచటి మనిషి ఓడ దిగాడు. పేరు ఒగుస్తాన్. మనవాళ్లకి నోరు తిరక్క అగస్తి దొర అన్నారు. పేరుకి దొరే గాని, మేడలో ఆయన్ని కుర్చీని చూసినట్టే చూసేవారు.

సాయంత్రమయ్యేసరికి హాల్లో దొరలూ దొరసానులూ చేరేవారు. ఆయన వాయించేవాడు, వాళ్లు మాట్లాడుకునేవారు. గుర్రాల మాట, గౌన్ల మాట, గిట్టనివాళ్ల మాట. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉండేది పాపం ఆయన పని.

ఆ అగస్తి దొర సొంతంగా ఒక పాట కట్టాడు. మెల్లగా మొదలవుతుంది, మెట్టు మెట్టుగా పైకెక్కుతుంది, చివరి నాలుగు స్వరాల్లో దిగి ఇల్లు చేరుతుంది. ఒక్కసారి, ఒక్కరైనా, నోరు మూసుకుని ఆ పాట ఆసాంతం వినాలి. ఆయన కోరిక అంతే.

రోజూ ఆఖర్న ఆ పాటే ఎత్తుకునేవాడు. పాట పైకెక్కేది. ఠంగుమని భోజనాల గంట మోగేది. అందరూ లేచేవారు.

ఒకరోజు, గంట మోగేలోపే ముగిద్దామని, అరగంట ముందుగా ఎత్తుకున్నాడు. పాట పైకెక్కింది. ఠంగుమని గంట మోగింది. అందరూ లేచారు.

అగస్తి దొర తిన్నగా వంటింటికి వెళ్లాడు.

"అంతోనీ, ఇవాళ అరగంట ముందే కొట్టావేం?" అని బట్లరుని అడిగాడు.

"నాకు గడియారం చూట్టం రాదండి. తవరి పాట పైకెక్కిందంటే భోజనాల ఏళయిందని నా గురుతండి" అన్నాడు అంతోని.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు ఆయనకి.

"రేపొక్కరోజు కొట్టకు, అంతోనీ."

"అలాగేనండి."

మర్నాడు ఉతికిన కోటు తొడుక్కుని కూర్చున్నాడు. పాట పైకెక్కింది. గంట మోగలేదు. కానీ కుర్చీలు కిర్రుమన్నాయి. అలవాటైపోయింది మరి, ఆ పాటే వాళ్లకి గంట. అందరూ లేచారు. మిగిలిన నాలుగు స్వరాలూ ఆయన వేళ్లలోనే ఉండిపోయాయి.

ఆ వర్షాకాలం ఆయనకి జ్వరం పట్టుకుంది. మేడ నుంచి పలకరించడానికి ఒక్కరూ రాలేదు. వచ్చినవాడు మంగయ్య. హాలు బయట వరండాలో కూర్చుని, లోపల దొరలకి గాలి తగిలేలా పైన వేలాడే గుడ్డ పంఖా తాడు లాగే మనిషి. గిన్నెలో జావ తెచ్చి తాగించాడు.

"దొరగారండి, తవరి పాట పాడనాండి? తాడు లాగుతా లాగుతా నేర్చేసుకున్నానండి. ఆయ్."

పాడాడు. పాట మెల్లగా మొదలైంది. మెట్టు మెట్టుగా పైకెక్కింది. అక్కడ ఆపేశాడు.

"తరవాత?" అన్నాడు అగస్తి దొర.

"తరవాతేముందండి? పాట అక్కడిదాకానే కదండి. అంత మంచి పాటయ్యాక ఏం మాట్టాడతామండి, ఊరుకోటమేనండి" అని మంగయ్య చేతులు కట్టుకుని ఊరుకున్నాడు.

అగస్తి దొర నోరు తెరిచాడు. నాలుగు స్వరాలెంతసేపు, నేర్పేయొచ్చు. కానీ గది నిశ్శబ్దంగా ఉంది. ఏ కుర్చీ కదల్లేదు, ఎవరూ లేవలేదు. ఇన్నేళ్లకి ఒక మనిషి తన పాట విని, విన్నచోటే కూర్చున్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అంతే మంగయ్యా. ఇంకేం కలపకు" అన్నాడు.

మూడో రోజుకి పోయాడు. ఆ నాలుగు స్వరాలూ ఆయనతోనే పోయాయి.

మంగయ్య ఆ పాట మనవరాలి ఉయ్యాల దగ్గర పాడాడు. ఆమె తన పిల్లలకి పాడింది. మేడ కూలిపోయింది, పియానో చెదలు తినేసింది. ఆ ఊరి బెస్తవీధిలో ఇప్పటికీ ఆ జోలపాట ఉంది. పాట పైకెక్కగానే తల్లి ఆపేస్తుంది, ఉయ్యాల తాడు పట్టుకుని ఒక్క క్షణం ఊరుకుంటుంది. ఇంట్లో ఉన్నవాళ్లంతా ఊరుకుంటారు. తెలియక ఎవరైనా లేవబోతే ముసలమ్మలు కసురుతారు.

"కూకో. అగస్తి దొర ఇంకా లేవలేదు."

నా కథా ఇక్కడికి అయింది. గబుక్కున లేవకండి మరి.