పువ్వు మరిచిపోయిన మనీ ప్లాంటు

ఒకప్పుడు మనీ ప్లాంటు పూసేది. అవును, మన కిటికీల్లో సీసాల నుంచి వేలాడుతుందే, ఆ తీగే! అప్పట్లో దానికి ఈ పేరు లేదు. ఊరికే తీగమ్మ అనేవారు. ఎక్కడో నడిసముద్రంలో ఒక దీవి మీద, సీమపనస చెట్టును చుట్టుకుని ఉండేది. ఆకులన్నీ ఒకటే పచ్చ. మచ్చ లేదు, మరక లేదు.

ఆ రోజుల్లో పూలు వాటంతట అవి పూసేవి కావు. ఏటా తొలకరికి వానత్త వచ్చేది. ప్రతి మొక్కా తన పువ్వు ఎలా ఉంటుందో ఆవిడకు చెప్పాలి. చెప్పింది చెప్పినట్టు పూయించి పోయేది. ఆవిడకు ఎప్పుడూ తొందరే.

"ఊఁ, కానివ్వండి! అవతల పన్నెండు దీవులు నోళ్లు తెరుచుకుని కూర్చున్నాయి" అనేది.

తీగమ్మకు వయసు మీద పడింది. మతిమరుపు మొదలైంది. చుట్టుపక్కల వాళ్ల పూలన్నీ కంఠతా వచ్చు. తన పువ్వు దగ్గరికి వచ్చేసరికి జారిపోయేది. అందుకని, మన ఆడవాళ్లు కొంగుకు ముడి వేసుకున్నట్టు, జానెడు పెరిగినప్పుడల్లా ఒంటికి ఒక ముడి వేసుకునేది. "ఈ ముడి తగలగానే పువ్వు గుర్తు రావాలి" అనుకునేది.

తీరా చూస్తే ఒళ్లంతా ముడులే. ఏ ముడి ఎందుకు వేసిందో మాత్రం తెలియదు.

ఆ ఏడు మబ్బు పట్టగానే తీగమ్మకు దడ పుట్టింది.

"ఏమయ్యా సీమపనసా, పోయినేడు నా పువ్వు నీ నెత్తిమీదే కదా పూసింది! ఎలా ఉండేది?"

"నా నెత్తిమీదది నాకెలా కనబడుతుందమ్మా?" అంది చెట్టు.

చిలకను అడిగింది.

"ఓ, నాకు బాగా గుర్తు! రుచి చెప్పనా?"

"తినేశావుటే!"

"ఆఁ, తిన్నాను. మెత్తగా ఉంది."

ఇంతలో వానత్త రానే వచ్చింది. మందారం "ఎరుపు, అయిదు రేకులు" అంది. మల్లె "తెలుపు, ఊరంతా వాసన" అంది. తీగమ్మ వంతు వచ్చింది.

"నాది... నాది మెత్తగా ఉంటుంది."

"మెత్తగా ఉండని పువ్వేదీ? రంగు చెప్పు!"

తీగమ్మ గబగబా ముడులన్నీ తడుముకుంది. ఒక్కటీ పలకలేదు.

"నేను ఆగలేను తల్లీ. పువ్వు లేకపోతే గింజ లేదు. గింజ లేకపోతే నువ్వు ఎండిపోయిన నాడు నీ వెనక ఒక్క మొలకైనా ఉండదు. చూసుకో మరి!" అనేసి వానత్త గొడుగంత మబ్బును ఈడ్చుకుంటూ వెళ్లిపోయింది.

తీగమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. నాతోనే నా వంశం సరి, అనుకుంది.

అలా ఉండగా ఒడ్డుకు ఒక పడవ వచ్చింది. ఎండుచేపలు అమ్ముకునే మరిడమ్మ కొబ్బరికాయల కోసం దిగింది. బుట్ట నింపింది గానీ, మూతి కట్టడానికి తాడు చాలలేదు. అటూ ఇటూ చూసి, తీగమ్మ కొస పుటుక్కున తుంచింది.

"దొంగ! దొంగ!" అని అరిచింది తీగమ్మ.

"అరవకే తల్లీ! మూరెడు ముక్కకు కొంపలేం మునగవు."

"అడిగి తీసుకోవచ్చుగా?"

"అడిగితే ఇచ్చేదానివా?"

తీగమ్మ ఆలోచించింది. ఇచ్చేది కాదు. 

మరిడమ్మ ఇంటికి వెళ్లి బుట్ట విప్పింది. తీగ ముక్కను నీళ్ల ముంతలో పడేసి ఆ సంగతే మరిచిపోయింది.

మరుసటి ఏడు మళ్లీ పడవ వచ్చింది. అప్పటికి తీగమ్మ సగం ఎండి, చెట్టుకు వేలాడుతోంది. మరిడమ్మ ముంత చంకన పెట్టుకుని పరుగెత్తుకు వచ్చింది.

"ఏమే, నిద్రా? ఇదిగో నీ పిల్ల!"

"గింజే లేనిదాన్ని, నాకు పిల్లెక్కడిది?"

"కళ్లు తెరిచి చూడు."

తీగమ్మ ముంతలోకి తొంగిచూసింది. ముక్కకు ఉన్న ముడిలోంచి తెల్లటి వేళ్లు నీళ్లలోకి దిగి ఉన్నాయి. ఆ పైన చుట్ట విప్పుతున్న కొత్త ఆకు. అచ్చం తన ఆకే!

"ఆ ముడి ఎందుకు వేశానో నాకే గుర్తులేదే!"

"నీకు లేకపోతే పోనీ. ముడికి ఉంది" అంది మరిడమ్మ.

తీగమ్మ ఈసారి ఏడ్చింది కూడా, నవ్వింది కూడా.

మరిడమ్మ ఈ వింత ఒక్క వదినకే చెప్పింది. ఆ వదిన ఊరుకుంటుందా? పడవ నిండా ఆడవాళ్లు దిగారు. అడిగితే తీగ ఇవ్వదేమోనని, ఎవరికి వారు పిల్లిలా వచ్చి తలో ముక్కా తుంచుకున్నారు. చేపలకు పసుపు పట్టిస్తూ లేచివచ్చిన వదిన తుంచిన ముక్కకు పసుపు మరకలు అంటుకున్నాయి. తమలపాకుకు సున్నం రాసుకుంటున్న ముసలమ్మ ముట్టుకున్నదానికి తెల్లటి చారలు పడ్డాయి. నిమ్మకాయ పిండిన చేతులతో వచ్చిందొక కోడలు, ఆమె ముక్క మొత్తం నిమ్మరంగుకు తిరిగింది. ఒకే ఒక్క చాదస్తురాలు చేతులు శుభ్రంగా కడుక్కుని మరీ తుంచింది. ఆవిడకు ఉత్త పచ్చాకే మిగిలింది.

అప్పటినుంచే మనీ ప్లాంటు మన ఇళ్లలో పువ్వు పూయదు, గింజ కాయదు. అప్పటినుంచే పసుపుదొకటి, తెల్లచారలదొకటి, నిమ్మరంగుదొకటి, పచ్చదొకటి, ఇన్ని రకాలయ్యాయి. చాటుగా తుంచుకొచ్చిందే బాగా పెరుగుతుందని మనవాళ్లు అనుకోవడమూ అప్పటినుంచే. పొరుగింటి అరుగు మీద ఎవరు మెల్లగా చెయ్యి చాపినా ఆ తీగ కిక్కురుమనదు. చూడనట్టు ఆకు అటు తిప్పుకుంటుంది. తిప్పుకుని, ఒక్క కణుపు ముడైనా వచ్చేలా తుంచుతున్నారో లేదోనని ఓరకంట చూసుకుంటుంది.