బెల్‌రోజ్ వెదురుపొద నూకాలమ్మ

ట్రినిడాడ్ దీవికి దక్షిణాన, బెల్‌రోజ్ అనే పాత చెరకు తోటలో, సముద్రం కనిపించే చిన్న మిట్ట మీద శ్రీ నూకాలమ్మవారు వెలసి ఉన్నారు. తోటలో చెరకు పోయి చాలా కాలమైంది. మిల్లు పొగగొట్టం ఒక్కటే మిగిలింది, దాని మీద గద్దలు కాపురం పెట్టాయి. మిట్ట దిగువన ఎడమ పక్క చర్చి, కుడి పక్క మసీదు. ఏ పక్క నుంచి వచ్చినా అమ్మవారికి అభ్యంతరం లేదు. ఆదివారం పొద్దున చర్చిలో పాడిన గొంతులే సాయంత్రం ఇక్కడ హారతికీ పాడతాయి. విగ్రహం కోసం వెతికేవారు కంగారు పడనక్కరలేదు. ఇక్కడ అమ్మవారు పసుపు పూసిన మట్టి ఘటం రూపంలో, పచ్చని వెదురుపొద నడుమ కొలువై ఉంటారు.

పూర్వం ఇక్కడ దాలమ్మ అనే చెరకు కూలీ ఉండేది. అనకాపల్లి వైపు నుంచి ఐదేళ్ల ఒప్పందం మీద ఓడెక్కి వచ్చింది. భర్త దారిలోనే జబ్బుచేసి సముద్రం పాలయ్యాడు. మిగిలింది పైడితల్లి అనే ఆరేళ్ల కూతురు. దాలమ్మది పెద్ద నోరు. కొలువులో ఉన్న మేస్త్రీలు ఆమెతో పేచీ పెట్టుకునే ముందు రెండుసార్లు ఆలోచించేవారట.

ఒక ఎండాకాలం కూలీలు వరుస గదుల్లో కాపురముండే బారకాసుల్లో అమ్మవారు పోసింది. పైడితల్లికి ఒళ్లంతా పొక్కులు లేచి కళ్లు మూసుకుపోయాయి. దాలమ్మ కొత్త కుండకు పసుపు రాసి, మిట్ట మీద వెదురుపొద నీడన నిలిపి మొక్కుకుంది. తొమ్మిదో నాడు డప్పుల మోతతో ఘటం ఎత్తి బారకాసులన్నీ తిప్పుతాననీ, తన బిడ్డ కళ్లు తనకిమ్మనీ వేడుకుంది.

సరిగ్గా ఆ వారమే దొరతనం వారు చర్మవాద్యాలు నిషేధించారు. ఈ దీవిలో నల్లవారి ఉత్సవాల్లో డోళ్లు మోగితే దొరలకు గుండెల్లో రాయి పడేది. ఆ భయం చట్టమై కూర్చుంది. జవాన్లు వచ్చి నల్లవారి డోళ్లతో పాటు తెలుగువారి మూడు డప్పులూ కోసి పారేశారు. దాలమ్మ చూస్తూ నిలబడింది.

తొమ్మిదో నాడు మోత లేకుండానే ఘటం ఎత్తబోయింది. నాలుగు చెంబుల నీళ్లు పట్టే కుండ బండరాయిలా కూర్చుంది, ఇసుమంతైనా కదల్లేదు. డప్పు వినకుండా ఆ తల్లి ఎన్నడూ లేచింది లేదు. మొక్కు తీరకపోతే బిడ్డ దక్కదని దాలమ్మ కుప్పకూలి ఏడ్చింది.

పక్క వరుసలో ఎటియన్ అనే నల్లజాతి ముసలాయన ఉండేవాడు. అతని తల్లిదండ్రులు సంకెళ్లతో ఈ దీవిలో దిగినవారు. అతను నడుము పట్టుకుని మిట్టెక్కి వచ్చి, తోటల్లో అందరూ నేర్చుకున్న కలగాపులగపు భాషలో నెమ్మదిగా చెప్పాడు.

"మా డోళ్లూ కోసేశారమ్మా. మేమిప్పుడు వెదురు బొంగులు నేలకేసి కొడుతున్నాం. మంచి మోత వస్తోంది. మీ తల్లికి కొట్టమంటావా?"

దాలమ్మ కన్నీళ్లు తుడుచుకుని కయ్యిమంది.

"ఏటి తాతా నీ మాట? ఎదురుబొంగులు పాడెకి కడతారు. వాటినెట్టి నా తల్లి ముందర మోగిస్తావా? నా పిల్లింకా బతికుంది."

ముసలాయన మిట్ట దిగిపోయాడు. ఏడ్చి ఏడ్చి అలసిన దాలమ్మకు ఆ మిట్టమధ్యాహ్నం పొద నీడనే కునుకు పట్టింది. కలలో పసుపు ముఖంతో ఒక ముత్తయిదువ, చెరకు కొట్టే కత్తి చేతపట్టుకుని కనిపించింది.

"పాడె గుర్తుంది గానీ చేట గుర్తులేదేటే నీకు? నువ్వు పుట్టగానే మీ అమ్మ నిన్ను దేంట్లో పడుకోబెట్టింది? అదీ ఎదురే గదా. వాళ్లని పిలు, నేను లేస్తాను."

దాలమ్మ ఉలిక్కిపడి లేచి పరుగుతీసింది. ఎటియన్ దూరం పోలేదు. మిట్ట దిగువనే మామిడి చెట్టు కింద కూర్చుని ఉన్నాడు.

"మాట తూలినాను తాతా. రా."

"నీ కోపం చల్లారుతుందని ఇక్కడే ఉన్నాను. కాస్త ఆలస్యమైంది, అంతే."

పన్నెండు మంది నల్లవారు వెదురు బొంగులు తెచ్చారు. లావు బొంగులు నేలను గుద్దితే గుండె అదిరింది, సన్నవి ఒకదానితో ఒకటి తగిలి గలగలమన్నాయి. తెలుగువారంతా "లేమ్మా తల్లీ" అని ఒక్క గొంతుతో పిలిచారు. దాలమ్మ వంగి చేతులు వేయగానే ఘటం పూలబుట్టలా ఆమె తలకెక్కింది.

ఊరేగింపు సగం దూరం వెళ్లేసరికి జవాన్లు అడ్డం వచ్చారు. జమేదారు ప్రతి బొంగూ తిరగేసి, లోపల వేలు పెట్టి మరీ చూశాడు.

"చర్మం ఉంటే చూపించండి దొరా," అన్నాడు ఎటియన్. "ఇది పొదలో పెరిగేది. పొద మీద కూడా చట్టం వచ్చిందా?"

జమేదారు బొంగు తిరిగి ఇచ్చేశాడు. మోత మళ్లీ మొదలైంది. దారి వదిలి నిలబడ్డ ఆయన పాదం కూడా దరువుకు కదిలిందని పెద్దలు నేటికీ నవ్వుతూ చెబుతారు.

ఘటం తన గది ముందుకు రాగానే పైడితల్లి కళ్లు విచ్చింది. "అమ్మా, ఏటా మోత?" అని అడిగింది. ఆ వెంటనే గంజి కావాలంది. దాలమ్మ ఘటం తలమీద ఉండగానే బావురుమంది. ఎటియన్ బొంగు కొడుతూనే ఏడ్చాడు. మిట్ట మీదికి తిరిగి చేర్చి పొదలో దించిన ఘటం మరి కదలనన్నది. నాటి నుంచి అదే అమ్మవారి గుడి.

ఒప్పందం ముగిశాక తిరుగు ఓడ వచ్చింది. గుమాస్తా పేరు పిలిస్తే దాలమ్మ ముందుకు రాలేదు.

"మా ఊళ్లో డప్పుకి లేచిన తల్లి, ఈళ్ల ఎదురుకి లేచింది. నాదిప్పుడు ఈ దేశమే," అంది.

ఆ చట్టం పోయి ఎన్నో తరాలు గడిచాయి. ఇప్పుడు జాతరకు డప్పులు వస్తాయి, ఈ దీవివారు ఇనుప పీపాలను సాగగొట్టి ప్రపంచానికి ఇచ్చిన వాద్యమూ వస్తుంది. అయినా మొదటి మోత మాత్రం వెదురుదే, దాన్ని మోగించే హక్కు ఎటియన్ వంశం వారిదే. ఈ ఊళ్లో ఏ ఇంట బిడ్డ పుట్టినా, ఏ జాతివారైనా, వెదురు చేటలో పెట్టి ఘటం ముందుంచి మూడు బొంగు దెబ్బలు వినిపిస్తారు. కంటిజబ్బులూ బాలారిష్టాలూ తొలగుతాయని భక్తుల నమ్మకం.

దాలమ్మ వంశం వారికి ఇప్పుడు తెలుగు రాదు. కానీ ఘటం ఎత్తే వేళ నల్లవారు, చీనావారు, మనవారు, చర్చి నుంచి వచ్చినవారు, మసీదు నుంచి వచ్చినవారు ఒక్క గొంతుతో "లేమ్మా" అంటారు. ఆ ఒక్క మాటకు అర్థం తెలియనివారు ఈ ఊళ్లో లేరు.