నిండిన ట్యాంకు

గ్యాస్ ట్యాంకు బిగించాక విరజామాత దగ్గరకి మనుషులు రావడం మానేశారు.

ఈ సంగతి ఒప్పుకోవడానికి సువర్చలకి చాలా ఊళ్లు పట్టింది. ముందు ఎండల వల్ల అనుకుంది. తర్వాత పెళ్లిళ్ల రోజులు కదా అనుకుంది. ఆ తర్వాత అనుకోవడానికి ఏమీ మిగల్లేదు.

మాత సన్యాసిని, కానీ ఆమెకి ఆశ్రమం లేదు. ఊరూరా నడిచేది. మోకాళ్లు అరిగి ఆ నడక ఆగిపోయినప్పుడు సువర్చల ఒక పాత వ్యాను కొని, అందులో రెండు మంచాలు, ఒక పొయ్యి, నీళ్ల డ్రమ్ము అమర్చింది. సువర్చల నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి ముందే రిటైరైంది. నా అన్నవాళ్లు లేరు. మాత మాట్లాడుతుంటే వినాలని, దానికోసమే ఇల్లు అమ్మేసి వచ్చింది.

మాతకి ఒక పద్ధతి ఉంది. ఎవరైనా అడిగితే మాట్లాడుతుంది, అడక్కపోతే లేదు. సువర్చల ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు. ఊళ్లవాళ్లు అడుగుతుంటే పక్కన కూర్చుని వినేది.

మొదట్లో వ్యానులో చిన్న సిలిండరు ఉండేది. ఎక్కడపడితే అక్కడ అయిపోయేది. కనెక్షన్ విశాఖపట్నంలో ఉంటే ఇచ్ఛాపురం దగ్గర ఎవరిస్తారు? అలాంటప్పుడు కడిగిన బియ్యం గిన్నె పట్టుకుని సువర్చల ఎవరిదో ఒకరి గుమ్మంలో నిలబడాల్సి వచ్చేది. "కాస్త మీ పొయ్యి మీద..." అనేసరికి చెవులు ఎర్రబడేవి. సన్యాసం పుచ్చుకున్నవాళ్లు నిప్పు రాజేయరు, వండుకోరు, పెట్టింది తింటారు. మాతకి అందులో సిగ్గేమీ లేదు. సువర్చలకి ఉంది.

అందుకని గాజువాకలో ఒక షెడ్డుకి తీసుకెళ్లి వ్యాను అడుగున ట్యాంకు పెట్టించింది. బండి పక్కన చిన్న మూత. అది తెరిచి, గ్యాస్ బంకులో నింపించుకోవడమే. కాస్త ఖాళీ ఉండగానే నింపడం దానంతటదే ఆగిపోతుంది. రాగి గొట్టం, రెగ్యులేటరు, గ్యాస్ లీకైతే కూసే అలారం. మెకానిక్ వద్దంటున్నా వినకుండా ప్రతి జాయింటుకీ సబ్బు నురగ రాసి తనే చూసుకుంది.

"ఇంక ఎవరి గుమ్మమూ తొక్కనక్కర్లేదమ్మా" అంది.

గ్యాస్ ఎంతుందో చూపే మీటరులో ముల్లు ఎక్కడుందో మాత చూసింది. "బాగా బిగించావు" అంది. అంతే.

అప్పట్నుంచి ఊరు చేరడం, బండి ఆపడం, లోపలే వండుకోవడం, తినడం, పొయ్యి తుడవడం. మాత తలుపు పక్కన కుర్చీలో కూర్చునేది. అడిగేవాళ్లు లేరు. రాన్రానూ ఆమె అన్నం కూడా తగ్గించింది. చెంచా కింద పెట్టినా వ్యానంతా వినిపించేది.

నౌపడలో ఉప్పుమడుల పక్కన బండి ఆపిన సాయంత్రం సువర్చల ఇక ఉండబట్టలేకపోయింది.

"అమ్మా, మన దగ్గరకి ఎవరూ ఎందుకు రావడం లేదు?"

ఆమె మాతని ఏదైనా అడగడం అదే మొదలు. మాత ఆమె వైపు తిరిగింది. కుర్చీ పట్టుకుని లేచి, వంగి, గ్యాస్ వాల్వు తిప్పి మూసేసింది. మళ్లీ మెల్లిగా కూర్చుంది.

"బియ్యం కడిగావా?"

"నానబెట్టాను కూడా."

"ఎవరింట్లోనైనా ఉడికించుకురా."

"ట్యాంకు నిండుగా ఉందమ్మా. నిన్ననేగా శ్రీకాకుళంలో నింపించాం."

"ఉండనీ."

"వాళ్లు అడిగితే ఏం చెప్పను? గ్యాస్ లేదని అబద్ధమాడనా?"

"నిండుగా ఉందని చెప్పు."

మొదటి ఇంట్లో ఒకాయన కిటికీలోంచే విన్నాడు. "మా ఆడోళ్లు ఇంట్లో నేరు" అని రెక్క మూసేశాడు. సువర్చల వెనక్కి తిరిగింది. గట్టు మీద తమ వ్యాను కనిపించింది. తెల్లగా, అద్దాలన్నీ బిగించి ఉంది. అందులో మనుషులున్నారంటే తనే నమ్మేది కాదు.

తర్వాతి ఇంటి ముందు పైడమ్మ అనే ఆవిడ కాళ్లకి అంటిన ఉప్పు కడుక్కుంటోంది.

"ఆ తెల్లబండి మీదేనా?" అని తనే అడిగింది.

"మాదే."

"రొయ్యల సెరువులకి బూములు సూడ్డానికొచ్చిన ఆఫీసర్లనుకున్నాం. పలకరిస్తే సంతకాలెట్టమంటారని పిల్లల్ని కూడా అటేపు ఎల్లనివ్వనేదు."

"ఒక పెద్దావిడ, నేను. ఇంకెవరూ లేరు. ఈ బియ్యం మీ పొయ్యి మీద ఉడికించుకోవచ్చా?"

"గేసు అయిపోనాదా?"

"లేదు. నిండుగా ఉంది."

"పొయ్యి పాడైపోనాదా?"

"బాగానే ఉంది."

పైడమ్మ చెంబు కింద పెట్టి ఆమెని ఎగాదిగా చూసింది. "మరేటమ్మా నీకొచ్చిన కష్టం?"

సువర్చల గిన్నె ముందుకి చాపింది.

పైడమ్మ చేతులు తుడుచుకుని ఆ గిన్నె అందుకుంది. "రా, నోపలికి రా. ఇన్నేనా నీళ్లు? మీ సదువుకున్నోళ్లకి గంజి పనికిరాదేటి?"

అన్నం దిగాక సువర్చల ఒక్కతే తిరిగి రాలేదు. పైడమ్మ చింతచిగురు పప్పు తెచ్చింది. "ఆ ముసలమ్మని నానూ సూస్తాను" అంటూ ఆమె అత్తగారు వెంటబడింది. వచ్చీ రాగానే మాత మొహంలోకి మొహం పెట్టి అడిగింది.

"నువ్వు దేవుణ్ని సూసినావేటి తల్లీ?"

"ముందు నువ్వు కూర్చో. మోకాళ్లు నొప్పెట్టడం లేదూ?"

"నొప్పెట్టకేటి! ఉప్పులో నిలబడి నిలబడి కాళ్లా ఇవి, కర్రలు!"

దీపాలు పెట్టేవేళ దాకా ఇద్దరూ మోకాళ్ల గురించే మాట్లాడుకున్నారు. సువర్చల మెట్టు మీద కూర్చుని వింది. మాత రెండోసారి అన్నం పెట్టించుకుంది.

ఆ చలికాలంలో విరజామాత పోయింది.

సువర్చల బండి అమ్మలేదు. ట్యాంకు ఇప్పటికీ నింపిస్తుంది. పొద్దున టీకి, స్నానానికి వేణ్ణీళ్లకి అది కావాలి. సాయంత్రం బియ్యం కడిగే ముందు మాత్రం వాల్వు మూసేసి, గిన్నె పట్టుకుని దిగుతుంది.

కొన్ని ఊళ్లలో తలుపులు తెరుచుకుంటాయి. కొన్ని ఊళ్లలో తెరుచుకోవు. అలాంటి రోజుల్లో నానిన బియ్యమే బెల్లం ముక్కతో నమిలి పడుకుంటుంది. వాల్వు ముట్టుకోదు.