కొంగు ముడి

యోగాంబ గారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కారు. అడిగినవాళ్ల చేతిలో ఏదో ఒక పని పెట్టేవారు. శారదా నది ఒడ్డున ఉన్న ఆవిడ ఆశ్రమంలో చాలామందికి జవాబులు అలా దొరికినవే. దొరకని వాళ్లూ ఉన్నారు.

రమణాయమ్మ ఆవిడ దగ్గర చేరి ఏళ్లు గడిచాయి. ఒకప్పుడు స్తోత్రాలు ఆమె నోట తడుముకోకుండా వచ్చేవి. ఈమధ్య ఒకటి మొదలుపెట్టి ఇంకొక దానిలోకి వెళ్లిపోతోంది. పక్కవాళ్లు మాట అందిస్తే సిగ్గుతో తల దించుకుంటోంది. ఒక సాయంత్రం గురువు దగ్గర కూర్చుని అడిగింది.

"నేను మరిచిపోయింది ఎక్కడికి పోతుందమ్మా? ఎక్కడో ఒకచోట ఉందంటే చాలు. నాకు దొరక్కపోయినా సరే."

ఆ రోజుల్లోనే పట్నం నుంచి వచ్చిన భక్తులెవరో, తమ పిల్లలు ముచ్చటపడి కొనిపించుకుని తర్వాత విసుక్కున్న కుందేలు పిల్లను ఆశ్రమంలో వదిలి వెళ్లారు. తల్లిపాలు మాని ఎంతో కాలం కాలేదు. యోగాంబ గారు దాన్ని తెచ్చి రమణాయమ్మ ఒళ్లో పెట్టారు. ఎండుగడ్డీ నీళ్లూ ఎప్పుడూ దాని ముందు ఉండాలనీ, పచ్చి ఆకు మాత్రం పొద్దుట ఒక్క పిడికెడు, అదీ తడి ఆరాకే పెట్టాలనీ, అంతకు మించితే ఆ లేత కడుపు ఓర్చుకోదనీ చెప్పారు.

నోరులేని జీవానికి పెట్టనిదే ఆ ఆశ్రమంలో ఎవరూ విస్తరి ముందు కూర్చోరు. అందుకని, పెట్టానో లేదో అన్న భయం రమణాయమ్మను పట్టుకుంది. చేయవలసిన పని గుర్తుండటానికి కొంగున ముడి వేసుకుని, అయ్యాక విప్పుకోవడం మన ఆడవాళ్ల అలవాటు. ఆమె బాగా ఆలోచించి దాన్ని తిరగేసింది. ఆకు పెట్టాకే ముడి వేయాలి. ముడి ఉంటే పెట్టినట్టు. రాత్రి పడుకోబోయే ముందు విప్పేయాలి.

కొన్నాళ్లు బాగానే సాగింది. తర్వాత, ముడి కనబడగానే చిన్ననాటి అలవాటే పైకి రాసాగింది. పని మిగిలిపోయిందనుకుని ఆకు పెట్టి ముడి విప్పేది. కాసేపటికి ముడి లేని కొంగు చూసుకుని, ఇంకా పెట్టనేలేదని కంగారుపడి మళ్లీ పెట్టేది. ముడి ఉన్నా పెట్టింది, లేకపోయినా పెట్టింది. కుందేలు పిల్ల కూడా ఆశగా తినేది. వంట చూసే పైడమ్మ అటుగా పోతూ, "మాకు చారూ మెతుకులూ, దీనికి రోజూ పెళ్లిభోజనమా వదినా" అని వేళాకోళం చేసేది. రమణాయమ్మ కూడా నవ్వేది. అనుమానం ఎవరికీ రాలేదు.

ఒక ఉదయం పిల్ల ఆకు ముట్టలేదు. కడుపు డోలులా బిగిసిపోయి, మూలకు ఒదిగి పళ్లు నూరుతోంది. పశువుల డాక్టరు కోసం మనిషిని పంపారు. ఆయన వచ్చేదాకా రమణాయమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని కడుపు నిమురుతూనే ఉంది. ఆయన వచ్చేసరికి అది పోయింది. దాన్ని ఉంచే బుట్టలో ఎండుగడ్డి వేసింది వేసినట్టే ఉంది, దాని మీద ఆకుల కాడలు గుట్టగా పడి ఉన్నాయి. పచ్చిమేత ఎక్కువైందని డాక్టరు చెప్పకముందే అందరికీ తెలిసింది. ఆమెకీ తెలిసింది.

"పెట్టి పెట్టి చంపాను," అంది. ఆ పూట మంచినీళ్లు కూడా ముట్టలేదు.

మర్నాడు పొద్దుటే ఆకు కడిగి ఆరబెట్టి తెచ్చి, ఖాళీ బుట్ట ముందు కూర్చుని, పిల్ల ఏదని అడిగింది. పైడమ్మ చెప్పింది. రమణాయమ్మ అప్పుడే మొదటిసారి విన్నట్టు విని, పెట్టి పెట్టి చంపానని ఏడ్చింది. ఆ మర్నాడూ అంతే. ఆ తర్వాతి రోజు ఆమె మళ్లీ ఆకుతో రావడం చూసి పైడమ్మ యోగాంబ గారి దగ్గరకు పరుగెత్తింది.

"నేను చెప్పలేనమ్మా. రోజూ ఆమె చేత దాన్ని చంపించలేను."

అప్పటికే విస్తళ్లు వేశారు. రమణాయమ్మ కూర్చోవడం లేదు. పిల్ల ఎటు పోయిందో, దానికి పెట్టకుండా తనెలా తినాలంటూ బుట్ట చుట్టూ వెతుకుతోంది. యోగాంబ గారు వచ్చి ఆమె చేతిలోని ఆకు తీసుకున్నారు. ఆమె కొంగు అందుకుని చివర ముడి వేశారు. ఆవిడ నోట అబద్ధం విన్నవాళ్లు అంతవరకూ ఎవరూ లేరు.

"పెట్టేశావు రమణా. ముడి ఉంది చూడు."

రమణాయమ్మ ముడి తడిమి చూసుకుంది. మొహం తేటపడింది. వచ్చి కూర్చుని కడుపునిండా తింది.

యోగాంబ గారి విస్తరిలో వడ్డించింది వడ్డించినట్టే ఉంది. ఎత్తడానికి వచ్చిన పైడమ్మ, మీరు అలా చెప్పవచ్చా అని అడిగింది.

ఆవిడ చేతిలో ఆ ఆకు ఇంకా అలాగే ఉంది.

"మరిచిపోయింది ఎక్కడికి పోతుందని రమణ నన్నొకనాడు అడిగింది పైడమ్మా," అన్నారు. "ఇప్పటికి నా దగ్గరుంది."