పంపు దాకా పరుగు

గవర్రాజు మాస్టారిని ఏదైనా ప్రశ్న అడిగితే ముందు చెప్పులు వేసుకుంటారు. జవాబు ఎక్కడుంటే అక్కడికి మనల్ని వెంటబెట్టుకుని వెళ్లడం ఆయన అలవాటు. నలభై ఏళ్లు పిల్లల చేత డ్రిల్లు చేయించి రిటైరైన మనిషి. ఆదివారం పొద్దున చుట్టుపక్కల ఊళ్ల పంతుళ్లం కొందరం ఆయన అరుగు మీద చేరతాం. నాది పదేళ్ల శిష్యరికం. ఈ పదేళ్లలో నేను విన్న ఉపదేశాలు తక్కువ, అరగదీసిన చెప్పులు ఎక్కువ.

ఆ ఆదివారం అడిగింది మణిమాల. పక్క ఊరి ప్రాథమిక పాఠశాలలో టీచరు. పిల్లలంటే ప్రాణం పెట్టే మనిషి.

"మాస్టారూ, మా పిల్లలు కదలరండి. ఆటల పీరియడు గంట కొట్టగానే ఒకడికి కడుపునొప్పి, ఇంకొకడికి కాలు బెణుకు. ఏం చేస్తే వీళ్లు లేచి పరుగెడతారు?"

అడిగింది అందరి గురించే గానీ, ఆమె దిగులంతా ఒక పిల్ల మీద. పేరు నూకరత్నం, నాలుగో తరగతి, చదువులో ఎప్పుడూ ఫస్టు. ఇంటి డాబా మెట్లు ఎక్కితే చాలు, ఆయాసపడిపోతుంది. డాక్టరు అన్ని పరీక్షలూ చేసి, ఇప్పటికి జబ్బేమీ లేదని, రోజూ ఆడించకపోతే మాత్రం ముందు ముందు కష్టమని చెప్పాడట. వాళ్లమ్మ బడికొచ్చి టీచరు రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. ఏడాది పరీక్షల లోపు మీ పిల్ల చేత పరుగు పెట్టిస్తానని మణిమాల మాటిచ్చేసింది. మూడు నెలలు గడిచినా ఆ పిల్ల కూర్చున్న చోటు నుంచి కదల్లేదు.

మాస్టారు చెప్పులు వేసుకున్నారు. ఈరోజు ఆదివారం, బడి ఉండదని గుర్తుచేస్తే, "అయితే రేపు" అని విప్పేశారు.

మర్నాడు నేను సెలవు పెట్టి మరీ ఆయన వెంట వెళ్లాను. ఇద్దరం చివరి బెంచీ మీద కూర్చున్నాం. ఆలస్యంగా వచ్చిన ముగ్గురికి గ్రౌండు చుట్టూ రెండేసి రౌండ్లు పడ్డాయి. ఏడో ఎక్కం తప్పినవాడికి ఇరవై గుంజీలు, పక్కవాడితో కబుర్లు చెప్పినవాడికి గోడకుర్చీ. సరైన జవాబు చెప్పినవాళ్లకు మాత్రం "గుడ్, కూర్చో" అని నవ్వు ముఖంతో ఒక మెచ్చుకోలు.

"నేను బెత్తం ముట్టుకోనండి," అంది మణిమాల మాతో. నిజమే, ముట్టుకోలేదు. నాకూ అందులో తప్పేమీ కనిపించలేదు. మా బళ్లోనూ అదే పద్ధతి.

సాయంత్రం ఆటల గంట మోగింది. మణిమాల నూకరత్నం దగ్గరికి వెళ్లి, తల నిమిరి, "రత్నం, లేమ్మా, గ్రౌండు చుట్టూ ఒక్క రౌండు పరుగెత్తి రా" అంది. ఇంతకన్నా ముద్దుగా కన్నతల్లి కూడా అడగదు. ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. కళ్లనిండా నీళ్లు.

"నేనేం తప్పు చేశానండి, టీచర్?"

తప్పు కాదమ్మా, ఆట అని ఎంత చెప్పినా నమ్మలేదు. ఒకటో తరగతి నుంచి ఒక్క గుంజీ కూడా తీసి ఎరగనని వెక్కి వెక్కి ఏడ్చింది. మణిమాల ముఖం తెల్లబోయింది. నాకూ ఏదో గుచ్చుకున్నట్టయింది. మాస్టారు మాత్రం, "రేపొక గంట క్లాసు నాకివ్వమ్మా" అన్నారు.

మర్నాడు మాస్టారు టీచరు కుర్చీని వరండా మధ్యలో వేయించి పిల్లల్ని చుట్టూ నిలబెట్టారు. "ఈరోజు ఒకటే రూలు. సరైన జవాబు చెప్పినవాళ్లు చేతిపంపు దాకా పరుగెత్తి, దాన్ని ముట్టుకుని రావచ్చు. తప్పు చెప్పినవాళ్లు ఈ కుర్చీలో చేతులు కట్టుకుని, కదలకుండా కూర్చోవాలి."

పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. మొదట తప్పు చెప్పినవాడు సత్తిపండు. టీచరు కుర్చీ దొరికిందని దొరలా కూర్చున్నాడు. ఎదురుగా మిగతావాళ్లు ఒక్కొక్కరే పరుగెత్తి వస్తుంటే రెండు నిమిషాల్లో వాడికి ఆ కుర్చీలో ముళ్లు మొలిచాయి. "మాస్టారండీ, ఇంకొకటి అడగండి, ఈసారి చెప్పేస్తానండి!"

నూకరత్నం వంతు వచ్చింది. తొమ్మిది ఎనిమిదులు డెబ్బై రెండు. మాస్టారు పంపు వైపు చేయి చూపించారు. "వెళ్లి రామ్మా. నువ్వు సంపాదించుకున్నావు."

మొదటిసారి నడిచి వెళ్లింది. పంపును ఒక్క వేలితో తాకి వచ్చింది. ఎవరూ నవ్వలేదు, ఎవరి జవాబు తొందర వాళ్లది. రెండోసారి కాస్త వడిగా నడిచింది. అడిగిన ప్రతిదానికీ జవాబు తెలిసిన పిల్ల కాబట్టి దారి కూడా ఎక్కువసార్లు ఆమెకే దక్కింది. ఐదోసారి రిబ్బను ఊడిపోయినా చూసుకోలేదు. ఆయాసం వస్తే పంపు దగ్గర ఆగి, నీళ్లు తాగి, నవ్వుకుంటూ వచ్చింది.

ఆ గంటతో ఆ బడిలో గుంజీలు మాయమయ్యాయి. మణిమాల ఆ రూలునే రోజూ నడిపించింది.

మూడు వారాల తర్వాత మాస్టారు మళ్లీ చెప్పులు వేసుకున్నారు. మేం వెళ్లేసరికి ఇంటి గంట కొట్టేసి చాలాసేపయింది, ఒక్క పిల్లా ఇంటికి పోలేదు. గ్రౌండంతా కేకలు. ఇంకా రాలేదేమని కూతుర్ని వెతుక్కుంటూ నూకరత్నం వాళ్లమ్మ గేటు దగ్గరికొచ్చింది. చెమటలు కక్కుతూ, జడలు విడిపోయి, ముగ్గురు పిల్లల్ని వెనక్కి నెట్టి పంపు వైపు దూసుకుపోతున్న కూతుర్ని చూసి గుండె పట్టుకుంది.

"ఏవండీ టీచరుగారూ! ఏం తప్పు చేసిందని నా పిల్లని ఇలా పరిగెట్టిస్తన్నారండీ?"

పరుగాపకుండానే అరిచింది నూకరత్నం. "తప్పు కాదమ్మా! పదమూడో ఎక్కం మొత్తం చెప్పేశాను!"

అంటూనే అరచేత్తో పంపును ధనామని కొట్టింది. అందరికన్నా ముందు. పిల్లలంతా గ్రౌండు దద్దరిల్లేలా అరిచారు. ఆ తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అలాగే నిలబడి, తర్వాత ఏడుస్తూ, నవ్వుతూ, చప్పట్లు కొట్టింది. నా కళ్లూ తడిశాయి, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

మణిమాల వరండాలోని కుర్చీలో కూలబడింది, సంతోషం పట్టలేక.

"నా మాట దక్కిందండి మాస్టారూ. కానీ ఇంత చిన్న సంగతి నాకెందుకు తట్టలేదంటారు?"

మాస్టారు ఆమె వైపు తిరిగారు. "చిన్నప్పుడు నువ్వు ఎన్ని గుంజీలు తీశావమ్మా?"

"ఒక్కటి కూడా లేదండి," అంది మణిమాల గర్వంగా. "ఎప్పుడూ నేనే క్లాసు ఫస్టు."

"అయితే ఆ కుర్చీలోంచి లేమ్మా," అన్నారు మాస్టారు. "పంపు అక్కడే ఉంది."